డోలీ మోసిన పాదం

డుంబ్రిగుడ దాటాక తారు రోడ్డు వదిలి మట్టి బాట పట్టుకుని పోతే, ఆ బాట గెడ్డ ఒడ్డున, కొండవాగు దగ్గర, ఆగిపోతుంది. అక్కణ్ణుంచి పైకి కాలిదారే. ఒక పక్క రాతి గోడ, ఒక పక్క లోయ. ఆ దారి చివర ఎగువ జోడిపుట్టు అనే చిన్న ఊరు. కాఫీ తోటలు, మిరియం తీగలు, కొండ వాలున చోడి, వలిస చేలు. మంగ్లు పుట్టిందీ పెరిగిందీ పెళ్లి చేసుకున్నదీ ఆ ఊళ్లోనే.

ఆ ఊళ్లో ఎవరికైనా జబ్బు చేసి నడవలేని స్థితి వస్తే అంబులెన్సు గెడ్డ దాకానే వస్తుంది. మిగతా దారి మనుషులు మొయ్యాలి. డోలీ అంటే పెద్ద సరంజామా ఏమీ ఉండదు. గట్టి వెదురు బొంగు, దానికి రెండు కొసలా ముడేసిన దుప్పటి, అందులో రోగి. బొంగు కింద ముందొక భుజం, వెనకొక భుజం. కొండ దిగేటప్పుడు బరువంతా ముందున్నవాడి మీదికి దొర్లుతుంది. వాడు జారితే ముగ్గురూ లోయలోకే. మీసం మొలిచిన నాటినుంచీ ఆ ముందు భుజం మంగ్లుది.

అతను పొట్టి మనిషి, బలశాలి కూడా కాదు. అతని గొప్పంతా పాదాల్లో ఉండేది. వెడల్పాటి వేళ్లు, నాచు పట్టిన రాతిమీద కూడా పరుచుకుని పట్టేసేవి. చెప్పుల్లేకుండానే దిగేవాడు. డోలీలో పడుకున్నవాళ్లు దుప్పటి సందులోంచి ఆకాశం చూసుకుంటూ, ముందున్నది మంగ్లేనా అని ఒకసారి అడిగి, అవునంటే ఊరుకునేవారు.

భార్య కనకకు పురిటి నొప్పులు వచ్చినప్పుడు కూడా అతనే ముందున్నాడు. వెనక భుజం ఆమె తమ్ముడు బుధుది. గెడ్డ ఇంకా కనిపించకముందే, దారిలో, డోలీలోనే నిర్మల పుట్టేసింది. మంగ్లు ఆ సంగతి జీవితాంతం చెప్పుకున్నాడు. ఊళ్లో పిల్లలందరూ ఇంట్లోనో ఆస్పత్రిలోనో పుట్టారట, తన కూతురు మాత్రం తన భుజం మీద పుట్టిందట. ఆ మాట విన్నప్పుడల్లా నిర్మల సిగ్గుపడి లోపలికి పోయేది. వాళ్లకు ఆ తరవాత పిల్లలు కలగలేదు.

కాలికి దెబ్బ తగిలింది అత్తగారిని మోసిన రోజున. ముసలమ్మకు గుండెలో నొప్పి వచ్చింది. వర్షాకాలం. దారి మలుపులో ఒక ఏటవాలు బండ ఉంది. దానిమీద కుడికాలు పక్కకు జారింది. జారిన కాలిని అతను వెంటనే నిలదొక్కుకున్నాడు గానీ, చీలమండ లోపలి గుబ్బ వెనక తడిసిన తాడు తెగినట్టు ఏదో తెలిసింది. డోలీ దించలేదు. గెడ్డ దాకా మోశాడు. ముసలమ్మ బతికింది. కాలు వాచింది. పసరు కట్టాడు, కాపడం పెట్టాడు. వాపు తగ్గగానే మళ్లీ తోటకు పోయాడు, పిలిచినప్పుడల్లా బొంగు ఎత్తుకున్నాడు. నొప్పి ఉందని ఎవరికీ చెప్పలేదు.

ముందుగా కనిపెట్టింది కనక. కాళ్లు కడుక్కుని అలికిన అరుగు మీదికి అతను ఎక్కినప్పుడు తడి అడుగులు పడ్డాయి. ఎడమ అడుగు అందరి అడుగులాగే ఉంది, మడమ, వేళ్లు, వాటిని కలుపుతూ అంచున సన్నటి గీత. కుడి అడుగు మొత్తం పడింది, పెనం మీద పోసిన అట్టులా, మధ్యలో ఖాళీ అన్నదే లేకుండా. ఆమె అక్కడే నిలబడిపోయింది. తరవాత అతను నడుస్తుంటే వెనకనుంచి చూసింది. కుడి మడమ బయటికి ఒరిగి, చీలమండ లోపలికి కూలబడి ఉంది. ఆ కాలి వేళ్లు వెనకనుంచి కూడా కనిపిస్తున్నాయి.

సంత రోజున బలవంతాన అరకు ఆస్పత్రికి తీసుకుపోయింది. అక్కడ ఎముకల డాక్టరు హేమలత, విజయనగరం వైపు మనిషి. ఆమె మంగ్లుని గోడ పట్టుకుని నిలబడమంది. ఎడమకాలి మీద మునివేళ్లపై లేవమంది. లేచాడు. కుడికాలి మీద లేవమంది. మడమ నేలను వదల్లేదు. రెండోసారి ప్రయత్నిస్తే నుదుట చెమట పట్టింది తప్ప మడమ కదల్లేదు. చాలని చెప్పి ఆమె అతన్ని కూర్చోబెట్టింది.

బల్ల మీద ప్లాస్టిక్ ఎముకల పాదం ఒకటి ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని, అరికాలు కింద వేలు దూర్చి, నిదానంగా చెప్పింది. ఒక్కో పాదంలో ఇరవయ్యారు ఎముకలు ఉంటాయట. అవి బల్లపరుపుగా ఉండవు. మడమనుంచి బొటనవేలి మొదలు దాకా లోపలి పక్క ఎత్తుగా ఒక వంపు, చిటికెనవేలి పక్క తక్కువ ఎత్తులో ఇంకొకటి, పాదానికి అడ్డంగా మూడోది. రైలు కట్ట కింద రాతి తూము చూశారా అని అడిగింది. చూశానన్నాడు. ఆ తూములో రాళ్లు ఒకదాన్నొకటి ఒత్తుకుని పై బరువును ఎలా మోస్తాయో, ఈ ఎముకలూ అలాగే మోస్తాయంది. కాకపోతే రాయి కదలదు. పాదం వంపు మాత్రం అడుగు పడినప్పుడు కొంచెం దిగి, అడుగు లేచినప్పుడు మళ్లీ లేస్తుంది. దిగిన వంపును లేపేది పిక్క లోతుల్లోంచి బయల్దేరి, చీలమండ గుబ్బ వెనకనుంచి తిరిగి, అరికాలి కిందికి పోయే ఒక స్నాయువు, తాడులాంటిది. మంగ్లు కాల్లో దెబ్బతిన్నది ఆ స్నాయువే. అది చినిగి, అరిగి, సాగిపోయింది. దాంతో ఎముకలు ఒక్కొక్కటే కిందికి కూర్చున్నాయి.

"బరువులు మోస్తారా?" అని అడిగింది.

"మోత్తానమ్మా."

"ఏం బరువులు?"

"మనుసుల్ని."

ఆమె ప్లాస్టిక్ పాదాన్ని బల్ల మీద పెట్టేసింది. ఇక మొయ్యకూడదని, మోస్తే ఉన్న కాస్త బలం కూడా పోతుందని చెప్పింది. వంపు కింద ఆసరాగా ఉండే మెత్తటి అట్ట, అది పట్టే బూట్లు ఇప్పించింది. అట్టతో సరిపోకపోతే విశాఖపట్నంలో ఆపరేషన్ చెయ్యాల్సి ఉంటుందని, చేసినా డోలీ పని మాట మరిచిపోవాలని చెప్పింది.

మంగ్లు మోత మానేశాడు. ఊరు అతన్ని ఏమీ అనలేదు, అదే అతనికి కష్టమైంది. ముందు భుజం బుధు తీసుకున్నాడు. ఇదివరకు డోలీ కట్టాలంటే జనం మంగ్లు గుమ్మంలోకి వచ్చి కేకేసేవారు. ఇప్పుడు అతను బాధపడతాడని ఆ ఇంటి ముందునుంచి గొంతు తగ్గించుకుని పోయేవారు. అతను లోపల కూర్చుని అడుగుల చప్పుడు వినేవాడు. దిగే కాళ్లు ఎవరివో, ఎక్కడ జాగ్రత్తపడుతున్నాయో చప్పుడును బట్టే తెలిసిపోయేది.

బూట్లతో అతనికి పోరు. తడి రాతిమీద అవి పట్టవు, లోపలికి బురద పోతే అట్ట జారిపోతుంది. విసుగొచ్చి విప్పి మూలన పడేసేవాడు. నిర్మల వాటిని తీసి, కడిగి, ఎండలో ఆరేసి, అట్ట సరిగ్గా పెట్టి గుమ్మంలో ఉంచేది. ఆశ్రమ పాఠశాలలో చదువుకున్న పిల్ల, డాక్టరు మాట ఆమెకు శాసనం. అప్పటికి టైడా దగ్గర రైలు పట్టాల పనికి పోయే ప్రసాద్‌తో ఆమెకు పెళ్లయింది. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. కడుపుతో వంగలేక ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో బూట్లు తండ్రి ముందుకు జరిపేది. ఏసుకున్నావా అయ్యా అని రోజూ అడిగేది. ఏసుకున్నాననేవాడు. తోట మలుపు తిరిగాక విప్పేసేవాడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

కాన్పుకు ముందే ఆస్పత్రి దగ్గరికి వచ్చి ఉండమని ఆశా కార్యకర్త చెప్పింది. సంత అయిన మర్నాడు మగవాళ్లు ఖాళీగా ఉంటారు, అప్పుడు దింపుదామనుకున్నారు. నొప్పులు సంత రోజునే వచ్చాయి.

ఆ రోజు తెల్లవారుతూనే ఊళ్లో మగవాళ్లంతా అల్లం బస్తాలతో కొండ దిగిపోయారు. మిగిలింది ముసలివాళ్లు, పిల్లలు, జ్వరం వచ్చి లేచిన బుధు. ముందురోజంతా పడిన వాన సన్నగా ఇంకా పడుతూనే ఉంది. నిర్మలకు ఒక్కసారిగా నొప్పులు ముంచుకొచ్చాయి, రక్తం కనిపించింది. కనక ఎత్తు బండ మీదికి పరిగెత్తి, సిగ్నల్ దొరికాక ఫోన్ చేసింది. గెడ్డ దగ్గరికి బండి వస్తుందన్నారు. ఆమె తిరిగి వచ్చేసరికి మంగ్లు బొంగుకు దుప్పటి కట్టేస్తున్నాడు.

రెండో భుజం ఊళ్లో లేదు. నువ్వు ఎనకుండు బావా అని బుధు అన్నాడు. దిగేటప్పుడు వెనకవాడికి బరువు తక్కువ. మంగ్లు మొదటిసారిగా వెనక నిలబడ్డాడు.

అతను అప్పటిదాకా ఎరగనిది ఒకటుంది. వెనకవాడు డోలీ ముందుకు తోసుకుపోకుండా అడుగడుగునా కాలు తన్నిపెట్టి ఆపాలి. ఆపినప్పుడల్లా కుడి చీలమండ లోపలికి మడతపడేది. లోపల ఎముక మీద ఎముక రాసుకుంటున్నట్టు ఉంది. ఎదురుగా దుప్పటిలో కూతురి తల, తడిసి ముఖానికి అంటుకున్న జుట్టు. ఆమె అరవడం లేదు. నొప్పి వచ్చినప్పుడు బొంగును పట్టుకుని ఊపిరి బిగబట్టి, పోయాక తండ్రి వైపు చూస్తోంది. అతను ఆ చూపునే పట్టుకుని నడిచాడు. చాలా దూరమే నడిచాడు.

ఏటవాలు బండ దగ్గర కుడికాలు మాట వినలేదు. జారడం కూడా కాదది. పెట్టిన పాదం పెట్టినట్టే లోపలికి పరుచుకుపోయి, మోకాలు దానిమీదికి కూలింది. అతను రెండు మోకాళ్ల మీద పడ్డాడు. బొంగును మాత్రం వదల్లేదు. రెండు చేతులతో భుజానికి అదిమి, దుప్పటి నేలకు తగలకుండా ఎత్తిపట్టాడు. లేవబోయాడు. ఎడమకాలు లేచింది. కుడికాలు రాలేదు. మళ్లీ లేవబోయాడు. అయ్యా అని నిర్మల పిలవడం వినిపించింది. బుధు ముందునుంచి బరువు ఆపుకుంటూ, వెనక్కి తిరగలేక, ఏటైంది బావా, నెగనేవా అని అడుగుతున్నాడు.

వెంట నడుస్తున్న కనక వచ్చి అతని భుజం పక్కన తన భుజం దూర్చింది. ఆ ఊళ్లో ఆడవాళ్లు డోలీ మొయ్యరు.

"వదులు," అంది.

"నువ్వు మొయ్యనేవు."

"వదులంతన్నాను గదా."

అతను వదిలాడు. ఆమె లేచింది. కాళ్లు వణికాయి, నిలబడ్డాయి. ముగ్గురూ మలుపు తిరిగిపోయారు. దుప్పటి అంచున కూతురి చెయ్యి బొంగును పట్టుకుని ఉండడం అతనికి కనిపించింది. తరవాత కొండ అడ్డమొచ్చింది.

కూర్చుని, చేతులతో జరుగుతూ కొంత దూరం దిగాడు. పాదం అరటిబోదెలా వాచిపోయింది. చెట్టు మొదట్లో కూలబడి చెవులు రిక్కించాడు. గెడ్డ హోరు తప్ప ఏమీ లేదు. వాన ఆగింది. కింద ఎక్కడో బండి హారను విన్నాననుకున్నాడు. చేరారనుకున్నాడు. లోకంలో ఉన్న దేవుళ్లకందరికీ మొక్కుకున్నాడు, తమ కొండ దేవతకీ, కింది ఊరి చర్చిలో దేవుడికీ.

పొద్దు వాలాక బుధు ఒక్కడే ఎక్కి వచ్చాడు. పక్కన కూర్చున్నాడు. గుంట పుట్టింది బావా అన్నాడు. ఆడగుంట, బాగుంది, ఏడిసింది అన్నాడు. మంగ్లు నిర్మల మాట అడిగాడు. బుధు ముందుకు వంగి, మంగ్లు వాచిన పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని పట్టుకున్నాడు. అలా పట్టుకునే ఏడ్చాడు.

గెడ్డ ఒడ్డున బండిలోకి ఎక్కించగానే కాన్పు అయింది. కాన్పయ్యాక రక్తం ఆగలేదు. ఆస్పత్రి గేటు రాకముందే నిర్మల పోయింది.

మర్నాడు ఆమెను అదే దారిన పైకి తెచ్చారు. సంతనుంచి వచ్చిన మగవాళ్లంతా ఇప్పుడున్నారు, భుజాలకు కొరత లేదు. మంగ్లు కర్ర ఊతం చేసుకుని గెడ్డ దాకా ఎదురుపోయాడు. బొంగు కిందికి వంగి భుజం పెట్టబోయాడు. బుధు అతన్ని నడుం పట్టుకుని పక్కకు నిలబెట్టాడు. వాళ్లు వెళ్లిపోయారు, అతను వెనకపడ్డాడు. అతను పైకి చేరేసరికి గుంత తవ్వడం ఎప్పుడో అయిపోయింది. అతను వచ్చేదాకా ఎవరూ మట్టి వెయ్యలేదు.

తరవాత ఆ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. పసిదానికి సోని అని పేరు పెట్టారు. ప్రసాద్ సెలవు దొరికినప్పుడల్లా వచ్చి, కూతుర్ని కాసేపు ఎత్తుకుని, అత్తమామల ముఖం చూడలేక పోయేవాడు. మేకపాలు పట్టడం, స్నానం పొయ్యడం, నిద్రపుచ్చడం అన్నీ కనకే చూసేది. భర్తకు చోడంబలి ముంత అందించేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకునేది. అతను బూట్లు మాత్రం రోజూ వేసుకునేవాడు. అట్ట తనే సరిచేసుకునేవాడు. ఎవరూ అడగకపోయినా తోటలో కూడా విప్పేవాడు కాదు.

సోని నడక నేర్చింది. ఒకరోజు పెరట్లో బురదలో ఆ పిల్ల అడుగులు చూసి మంగ్లు కిందికి వంగాడు. రెండు అడుగులూ నిండుగా, అట్టుల్లా ఉన్నాయి. వంపు లేదు. తన కాలే దీనికి వచ్చిందనుకున్నాడు. రెండు రోజులు తిండి తినలేదు. చివరికి కనకతో చెప్పాడు. ఆమె పిల్ల అరికాళ్లు తిప్పి చూసి, చీర మార్చుకుంది. ముగ్గురూ అరకు పోయారు.

డాక్టరు హేమలత సోని పాదాన్ని బొటనవేలితో నొక్కి చూసి నవ్వింది. పుట్టినప్పుడు ఏ పిల్లకీ వంపు ఉండదంది. అరికాలి కింద కొవ్వు మెత్తగా నిండి ఉంటుంది, ఎముకలు ఇంకా లేతగా ఉంటాయి. నడిచి, పరిగెత్తి, ఎగుడుదిగుడు నేల మీద తిరిగి, అయిదారేళ్లు వచ్చేసరికి వంపు దానంతట అదే లేస్తుంది. మీ కాలు దెబ్బతో పాడైంది, అది పిల్లలకు రాదు, చెప్పుల్లేకుండా తిరగనివ్వండి అని చెప్పింది.

మంగ్లు లేవలేదు. గోడ మీది పటాన్ని చూస్తూ అడిగాడు.

"అమ్మా, నా కాలు బాగుండుంటే నా కూతురు బతికేదా?"

కాన్పయ్యాక రక్తం అలా పోవడం ఎవరికైనా జరగవచ్చంది. ఆస్పత్రిలో ఉంటే ఆపడానికి మందులుంటాయి. కాస్త ముందు చేరితే ఆగేదేమో, ఆగకపోనూ వచ్చు. "నాకు తెలీదు మంగ్లు గారూ," అంది. "తెలుసని చెబితే అబద్ధం అవుతుంది."

అవునన్నా కాదన్నా దేన్నో ఒకదాన్ని పట్టుకుని ఇంటికి పోదామనుకుని వచ్చాడతను. రెండూ దొరకలేదు. దండం పెట్టి బయటికి వచ్చేశాడు.

గెడ్డ దగ్గర ఆటో దిగి కొండ ఎక్కారు. పిల్ల కనక చంకలో ఉంది. ఏటవాలు బండ దగ్గరికి వచ్చాక మంగ్లు ఎప్పటిలాగే తల దించుకుని దాటిపోబోయాడు. కనక ఆగింది.

"ఆ రోజు నిర్మల నన్నొకటి అడిగినాది," అంది.

అతను తిరిగి చూశాడు.

"మలుపు తిరిగినాక. అయ్య నెగిసినాడా అమ్మా అని అడిగినాది. కాలికేటైందో సూడు, నాకాడ బుధు మావ ఉన్నాడు గదా, నన్ను దించీసి నువ్వెల్లి సూడు అనీసి. నెగిసినాడు, ఎనకే వత్తన్నాడు అని సెప్పినాను. బండెక్కినాక ఇంకోపాలి అడిగినాది. అదే సెప్పినాను."

పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది.

"నీకు సెప్పడానికి నోరు రానేదు. నీ మీద కోపం. కోపం ఎందుకో నాకే తెల్దు. నువ్వు కిందెట్టనేదు దాన్ని. మట్టంటనేదు. అది నేను సూసినాను."

మంగ్లు బండ మీద కూర్చున్నాడు. కూతుర్ని మట్టిలో పెట్టినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. నోరు తెరిచి, పసివాడిలా, చప్పుడు చేస్తూ ఏడ్చాడు. సోని భయపడి అమ్మమ్మ మెడ గట్టిగా పట్టుకుంది. కనక పిల్ల వీపు నిమురుతూ అక్కడే నిలబడింది. ఊరుకోమనలేదు.

మబ్బు కొండ మీదికి దిగుతోంది. చాలాసేపటికి ఆమె ఖాళీ చెయ్యి చాపింది.

"నెగు," అంది.

లేవడానికి అతనికి కొంతసేపు పట్టింది.